ఇరవై మూడు నిమిషాల పాట

చెవుల్లో దూది. జుట్టులో దూది. రెప్పల మీద దూది.

ఆ జిన్నింగ్ మిల్లులో గాలి కూడా తెల్లగానే ఉంటుంది. ముప్పై ఆరు జిన్ను మిషన్లు ఒక్కసారిగా పళ్లు కొరుకుతుంటాయి. గింజ కింద పడుతుంది, దూది ముందుకొస్తుంది... గింజ కింద, దూది ముందు... పొద్దున ఎనిమిదికి మొదలైన మోత సాయంత్రం ఆరింటికి గానీ ఆగదు. పక్కవాడు గొంతు చించుకున్నా పెదవులు కదలడమే కనిపిస్తుంది.

ఆ మోతలో కరుణాకర్ ఇరవై ఏడేళ్లు బతికాడు.

మిల్లులో అతను ఫిట్టరు. ఏ రోలరు అరిగిందో, ఏ బేరింగు రేపో మాపో పోతుందో విప్పకుండానే చెప్పేవాడు. కాసేపు నిలబడి, తల ఒక పక్కకు వంచి, వినేవాడు. అంతే.

చేరిన మొదటి రోజే మేస్త్రీ ఆదెయ్య రెండు దూది పింజలు చేతిలో పెట్టి, చెవుల్లో కుక్కుకోమన్నాడు. ఆ మిల్లులో అందరూ అంతే. మిగతావాళ్లు మాట్లాడుకోవడానికి తీసేసేవారు, టీకి వెళ్లి మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయేవారు. కరుణాకర్ తీసేవాడు కాదు. పొడుగు పింజ చూసి ఏరుకుని, కొబ్బరినూనె అద్ది, మెలిపెట్టి, లోపలికంటా దోపుకునేవాడు.

అతనికి చెవులు కావాలి.

ఆదివారం కోసం కావాలి.

ఆదివారం అంటే అక్బర్. పాత గుంటూరులో మైకు సెట్ల కొట్టు అతనిది, తండ్రి నాటి నుంచీ ఉంది. పెళ్లికీ, ఉరుసుకీ, క్రిస్మసుకీ, ఎన్నికలకీ అవే హారన్లు. ఇద్దరికీ ఇరవై ఏళ్లున్నప్పుడు, హారన్ల సామాను కోసం మద్రాసు వెళ్లిన అక్బర్ అక్కడి ఫుట్‌పాత్ మీద ఒక క్యాసెట్టు కొనుక్కొచ్చాడు. దాని మీద పేరు లేదు. బొమ్మ కూడా లేదు.

మొదటిసారి పెట్టినప్పుడు టేపు పాడైందేమో అనుకున్నారు. నాలుగు నిమిషాలైనా ఎవరూ పాడరే!

గాలి వీచింది. ఎక్కడో గంట మోగింది. ఆర్గన్ అందుకుంది — చర్చిలో ఉండేదే, కానీ దానికి దేవుడి మీద కోపం వచ్చినట్టుంది. తర్వాత ఫ్లూటు. తర్వాత తాళాల చిరుజల్లు. ఆ వెనక, ఎంతోమంది కలిసి ఒక్క ఊపిరితో లేపిన కోరస్...

అది మనుషులు పాడిందీ కాదు, పాడనిదీ కాదు. ఎవరో ఎప్పుడో పాడినదాన్ని టేపు ముక్కల మీద పట్టి, ఒక్కో మెట్టు కిందా ఒక్కో ముక్క అమర్చిన వాయిద్యమట అది. మెట్టు నొక్కితే గొంతులు లేస్తాయి. ఎనిమిది సెకన్లే. టేపు ముక్క అయిపోగానే గొంతులూ అయిపోతాయి. ఈ సంగతి వాళ్లకు చాలా ఏళ్ల తర్వాత ఫోనులో చదివితే తెలిసింది.

ఇరవై మూడు నిమిషాల పాట. అందులో మాటలు మూడు నిమిషాలు కూడా ఉండవు.

అయ్యాక అక్బర్ లేచి మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.

తాళం లెక్క మాత్రం ఒక పట్టాన దొరకలేదు. చిటిక వేస్తే తప్పిపోతోంది. కరుణాకర్ మూడు ఆదివారాలు తల బద్దలు కొట్టుకుని పట్టుకున్నాడు. రెండు... రెండు... మూడు. మొత్తం ఏడు. మోకాలి మీద వేలితో కొట్టి అక్బర్‌కు నేర్పాడు. ఆ ఊపులో ఒక క్రిస్మసుకు చర్చిలో డోలక్ మీద కూడా ఏడు వాయించేశాడు. సంఘం చప్పట్లు తలో దారి పట్టాయి. ప్రభువు పేరు చెప్పి నాలుగే వాయించు నాయనా అని పాస్టరు గారు బతిమాలుకున్నారు.

ఇలాంటి పాటల్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని కూడా ఫోనులోనే తెలిసింది. అప్పటిదాకా వాళ్లకవి పొడుగు పాటలు. ఫోనులో ఆ పాటల కింద దేశదేశాల వాళ్లు రాసుకున్న మాటలు అక్బర్ పైకి చదివేవాడు. ఈ ఆర్గన్ వింటే మంచు కురుస్తున్న సముద్రం కనబడుతుందని ఒకరు. ఈ కోరస్ చచ్చిపోయిన వాళ్లందరిదీ అని ఇంకొకరు. అక్బర్ నవ్వేవాడు. వాళ్లకు మంచు కనబడితే మనకు మిరపకాయల కల్లం కనబడుతుంది, అంతేగా అనేవాడు. మేము గుంటూరులో ఇద్దరం వింటున్నాం అని ఒకసారి తనే రాశాడు కూడా. అదెవరో మెచ్చుకున్నారని వారం రోజులు పొంగిపోయాడు.

ముందు పాటలోంచి తాళాలు పోయాయి.

టేపు అరిగిందనుకున్నాడు కరుణాకర్.

తర్వాత ఫ్లూటు పోయింది. స్పీకరు పాతదైందనుకున్నాడు. తర్వాత ఇంట్లో కూతురు ఆరాధన పిలిస్తే పలకడం మానేశాడు. ఒకరోజు మిల్లులో ఒక బేరింగు అరిచి అరిచి విరిగిపోయింది. అతను దాని పక్కనే నిలబడి ఉన్నాడు.

ఆరాధన స్కూటీ మీద బ్రాడీపేట చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. అద్దాల గదిలో కూర్చోబెట్టారు. శబ్దం వినబడితే చెయ్యి ఎత్తమన్నారు. అతను చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఎదురుచూశాడు.

డాక్టరు గారు కాగితం మీద గీత చూపించారు. మెట్లు మెట్లుగా కిందికి దిగిపోతున్న గీత. చెవి మిషను పెట్టుకుంటే ఎదుటి మనిషి మాట కొంత అందుతుందట. పాట సంగతి ఆయన చెప్పలేరట. కరుణాకర్ జేబులోంచి దూది తీసి చూపించాడు. ఒక్క రోజు కూడా మానలేదండీ అన్నాడు. డాక్టరు గారు ఆ దూది వంక చూసి, ఆరాధనతో ఏదో అన్నారు.

ఆమె వంగి అతని చెవిలో అరిచింది. "దూది దుమ్మునే ఆపుద్దంట నాన్నా. మోతను ఆపదంట."

బయటి బెంచీ మీద ఉన్నవాళ్లందరూ విన్నారు.

ఆరేళ్ల కిందట తనిఖీకి ఎవరో వస్తున్నారని మిల్లు వాళ్లు చెవుల్లో పెట్టుకోమని పసుపుపచ్చ స్పాంజి బిరడాలు పంచారు. పత్తి మిల్లులో స్పాంజి ఏమిట్రా అని అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది కరుణాకరే. ఒక వేసవంతా వాటితో కిటికీ తలుపు చప్పుడు చేయకుండా ఆపుకున్నాడు.

ఇరవై ఏడేళ్లు. నూనె అద్ది మరీ...

ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఆదెయ్య పోయి పదేళ్లయింది.

అక్బర్‌కు చెప్పలేదు.

ఎలా చెబుతాడు? భార్య ఖుర్షిదా చనిపోయిన ఏడాది అక్బర్ కొట్టు తెరవడం కూడా మానేశాడు. ఆదివారం మాత్రం మానలేదు. అప్పుడన్న మాట కరుణాకర్‌కు ఇంకా గుర్తుంది.

"ఒక్కణ్ణే పెట్టుకుని చూశాన్రా. ఉత్త మోత. నువ్వు పక్కనుంటేనే అది పాట."

కాబట్టి కరుణాకర్ అబద్ధమాడాడు. కళ్లు మూసుకుని, వేలితో మోకాలి మీద ఏడు కొట్టుకుంటూ, పాట అడుగున మిగిలిన గుమ్ గుమ్‌ను పట్టుకుని వేలాడాడు. ఫ్లూటు విన్నావా అంటే తల ఊపాడు. అలా ఏడు నెలలు.

ఏప్రిల్లో గుమ్ గుమ్ కూడా పలచబడింది. ఇక దాచలేననుకున్నాడు. ఆ ఆదివారం చర్చి అయ్యాక నడిచి వెళ్తూ దారంతా ఒకే మాట కూడబలుక్కున్నాడు. ఒరేయ్, నాకు వినబడటం లేదు. ఒరేయ్, నాకు వినబడటం లేదు.

కొట్లో అక్బర్ అప్పటికే క్యాసెట్టు పెట్టి ఉంచాడు. ఫ్యాను ఆపేశాడు — పాట నడుస్తుంటే ఫ్యాను తిరగకూడదు, అది వాళ్ల పద్ధతి. అయ్యేదాకా కళ్లు తెరవకూడదు, అదీ వాళ్ల పద్ధతే. అయ్యాక చెబుదాంలే అనుకుని కరుణాకర్ కళ్లు మూసుకున్నాడు.

రెండు... రెండు... మూడు.

గాలి వీచింది.

గంట మోగింది. నిజంగా మోగింది. ఆర్గన్ లేచింది, దాని వెనకే ఫ్లూటు, ఏళ్ల కిందట పోయిన తాళాల చిరుజల్లు... అన్నీ వరసగా వచ్చాయి, ఏదీ తప్పిపోలేదు. ఒంటి మీద చెమట కారిపోతోంది, పట్టించుకోలేదు. చివరి కోరస్ లేచినప్పుడు అతని గుండె నిండిపోయింది. ఆ డాక్టరుకు ఏం తెలుసు? ఆ గీతకు ఏం తెలుసు? ఇక చెప్పాల్సిన పని లేదు.

పాట అయిపోయింది. కళ్లు తెరిచాడు.

"చివర్న కోరస్ ఇవాళ ప్రాణం తీసిందిరా," అన్నాడు.

అక్బర్ అతని వంకే చూస్తున్నాడు. చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నాడు. తల ఊపాడు.

సెట్టు ఆపడానికి కరుణాకర్ చెయ్యి చాచాడు. ఎర్ర దీపం వెలగడం లేదు.

"కరెంటు," అన్నాయి అక్బర్ పెదవులు. "ఇప్పుడే పోయింది."

కరుణాకర్ క్యాసెట్టు కిటికీలోకి చూశాడు. టేపు దాదాపు అంతా ఎడమ చక్రం మీదే ఉంది. రెండు నిమిషాలు తిరిగి ఉంటుంది, అంతే.

ఇద్దరూ ఆ కిటికీ వంకే చూస్తూ ఉండిపోయారు.

కరెంటు వచ్చింది. నొక్కిన మీట నొక్కినట్టే ఉంది కాబట్టి చక్రాలు వాటంతట అవే తిరగసాగాయి. అక్బర్ గబుక్కున ఆపబోయాడు. కరుణాకర్ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీరా."

అక్బర్ కూర్చున్నాడు. ఈసారి ఎవరూ కళ్లు మూసుకోలేదు. కరుణాకర్ అక్బర్ ముఖంలోకి చూస్తున్నాడు. కనుబొమ్మ కదిలింది — గంట అయి ఉంటుంది. మెడ బిగిసింది — ఆర్గన్ కావచ్చు. తర్వాత అక్బర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అది పాటలో ఏ చోటో కరుణాకర్‌కు అంతుపట్టలేదు.

చక్రాలు తిరుగుతున్నాయి. అక్బర్ ఒక్కడే వింటున్నాడు.

కరుణాకర్ పక్కనే కూర్చుని ఉన్నాడు.