తొమ్మిది గంటల మాత్ర

నేను ఒక తెల్లని ప్లాస్టిక్ సీసాను. ముప్పై మాత్రలు పట్టే కడుపు, బిగువైన మూత, అంతే నా ఆకారం. నాతోపాటు ఒకే అచ్చులో పుట్టినవన్నీ జబ్బుపడినవాళ్ల చేతికి వెళ్లాయి. నేను మాత్రం జబ్బులేని మనిషి చేతికి వెళ్లాను. నా కథలోని చిక్కులన్నీ అక్కడినుంచే మొదలయ్యాయి.

ఆమె పేరు జరీనా. ఆదోనిలో పరుపులు కుట్టే దూదేకుల ఇంటి కోడలు. భర్త మౌలాలి లారీ డ్రైవరు. పరీక్షలో అతనికి హెచ్ఐవీ ఉందనీ, ఆమెకు లేదనీ తేలింది. ఆసుపత్రిలో కౌన్సెలర్ సుగుణ మొదట కండోమ్ సంగతి చెప్పింది. మౌలాలి తల వంచుకుని, "అది బయట తిరిగేటోళ్లకు గదా మేడమ్, నిఖా చేసుకున్న ఆడమనిషి దగ్గర ఎట్ల?" అన్నాడు. బయట తిరిగినందువల్లే జబ్బు వచ్చిందన్న సంగతి ఆ మాటల్లో ఎక్కడా లేదు. పైగా పెళ్లయి నాలుగేళ్లు, బిడ్డ కోసం ఇంట్లో ఎదురుచూపు. అప్పుడు సుగుణ నన్ను బయటికి తీసింది.

"ఆయన మందు బాగా పనిచేస్తోందని పరీక్షలో తేలేదాకా నువ్వు రోజూ ఒక మాత్ర వేసుకోవాలమ్మా. జబ్బు నీకు రాకుండా కాపాడుతుంది. ఒక్కరోజూ తప్పకూడదు" అని, నా చీటీమీద 'ఉదయం 9' అని రాసింది. తొమ్మిదే ఎందుకంటే, అప్పుడు గోడ గడియారంలో తొమ్మిదయింది గనుక.

బస్టాండులోనే జరీనా నా చీటీ చించేసింది. నా పేరు పోయింది గాని, తొమ్మిది ఆమె తలలో ఉండిపోయింది. చప్పుడు కాకుండా లోపల దూది కుక్కి, ఇంట్లో పరుపులకని తెచ్చిన, ఇంకా ఏకని పత్తిలో నన్ను దాచింది.

పది రోజులకు రంజాన్ వచ్చింది, పగలు గుక్కెడు నీళ్లైనా ముట్టని ఒక్కపొద్దుల నెల. వేళ మార్చుకోవచ్చని సుగుణ చెప్పలేదు. ఆ వేళ మందులో భాగమే అనుకున్న జరీనా అడగలేదు. ఇంట్లో అడగాలంటే భర్త జబ్బు బయటపెట్టాలి. కాబట్టి రోజూ తొమ్మిదికి వంటింటి మూలలో గుక్కెడు నీళ్లతో మాత్ర మింగి, ఒక్కపొద్దు చెడిందని తెలిసీ, మిగిలిన పగలంతా మెతుకు ముట్టకుండా ఉండేది.

రంజాన్ పన్నెండోనాడు ఆమె నీళ్లు తాగడం అత్త ఖాసీంబీ చూసింది. వాడలోని ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పే మనిషి ఆమె. నెలసరి దినాల్లో ఒక్కపొద్దు ఉండనక్కరలేదు. కోడలికి ఆ దినాలు మొదటి వారంలోనే అయిపోయాయని ఆమెకు తెలుసు. ఇక మిగిలిన కారణం ఒక్కటే అనుకుంది. ముఖం వెలిగిపోయింది.

"ఎన్నో నెలే? దాస్తావేందే పిచ్చిదానా! కడుపుతో ఉన్నోళ్లకు అల్లా మాఫ్ చేసినాడు గదా!"

ఆ కేక విన్న పక్కింటి పీరమ్మ గోడమీదుగా తొంగిచూసింది. "ఏం ఖాసీంబీ, మనవడి పరుపుకు ఇప్పట్నుంచే దూది ఏకుతావా?"

"ఏకుతా. చాలకుంటే నీ పరుపు చించైనా ఏకుతా, నీకేం నొప్పి?"

ఆ నవ్వుల మధ్య జరీనాకు రెండు దారులూ మూసుకుపోయాయి. ఊరుకుంటే అబద్ధం నెలనెలా పెరుగుతుంది. మాత్ర మానితే ప్రాణానికే ముప్పు. పీరమ్మ వెళ్లాక నన్ను అత్త ఒళ్లో పెట్టింది.

"కడుపు కాదత్తా. నీ కొడుక్కు హెచ్ఐవీ ఉండాది. అది నాకు అంటకుండా ఈ మాత్ర."

"తౌబా! నా కొడుకుమీద నింద ఏస్తావా? బిడ్డలు పుట్టకుండా మింగుతాండావా?"

"బిడ్డ పుట్టల్లనే, దాన్ని సాకేదానికి నేను ఉండల్లనే మింగుతాండా."

ఖాసీంబీ నా మూత తిప్పి, దూది పీకి, మిగిలిన మాత్రలు లెక్కపెట్టింది. కొడుకు కూడా రోజూ చాటుగా మింగే మాత్రలు ఆమెకు గుర్తొచ్చినట్టున్నాయి. చివరికి, ఏ డాక్టరూ తలచని ప్రశ్న అడిగింది: "దీనికి తొమ్మిదే కావల్లనా? పొద్దు గూకినంక మగ్రిబ్‌కు పనికిరాదా?"

మరునాడు ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. "ఏ వేళైనా ఒకటేనమ్మా, రోజూ అదే వేళకు వేసుకుంటే చాలు" అంది సుగుణ.

"ఈ మాట ముందే చెప్పకపోతివే తల్లీ! పన్నెండు ఒక్కపొద్దులు పాయె."

సుగుణ తన పుస్తకంలో 'ఉదయం 9' కొట్టేసి 'సాయంత్రం' అని రాసింది.

ఆ సాయంత్రం అజాన్ వినిపించగానే ఖాసీంబీ కోడలి అరచేతిలో మొదట ఖర్జూరం, తర్వాత మాత్ర పెట్టింది. కొడుకుతో మాత్రం వారంపాటు మాట్లాడలేదు.

పండుగకు ముందే నేను ఖాళీ అయి పాత సామాన్ల సంచిలో చేరాను. నా చోటికి వచ్చిన కొత్త సీసా ఖర్జూరాల డబ్బా పక్కన చీటీతో సహా నిలబడింది. మనిషి జీవితంలో కుదిరే వేళ దొరికితే తప్ప ఏ మందూ ఆ ఇంటిది కాదని నాకు అర్థమైంది.

పండుగ తర్వాత ఊరంతా పగలు తింటూంటే జరీనా చెడిన ఒక్కపొద్దులు తీర్చడం మొదలుపెట్టింది. "ఒక్కదానివే అయితే సొమ్మసిల్లుతావు, నేనూ ఉంటాలే" అంది ఖాసీంబీ. పన్నెండో ఒక్కపొద్దునాడు ఇద్దరూ జరీనా హెచ్ఐవీ పరీక్ష కాగితంతో తిరిగొచ్చారు.

"ఏమన్యారు?" అన్నాడు గడపలో మౌలాలి.

"దానికేం లేదంట" అంది తల్లి. తర్వాత అతని వైపు తిరిగింది. "నువ్వు నీ మాత్ర ఏసుకున్యావా?"