అవతలి చెయ్యి

శనివారం పొద్దున కాఫీ అయ్యాక వసుమతి గరాజ్‌లోకి వెళ్ళి అల్లుడి మిల్లు ముందు కూచుంటుందన్న సంగతి మోరిస్‌విల్‌లో ఆ వీధి వీధంతటికీ తెలుసు. గరాజ్ తలుపు సగం ఎత్తి ఉంటుంది. కుక్కల్ని వాకింగ్‌కి తీసుకెళ్ళేవాళ్ళు వంగి చూసి "హాయ్ వాసూ" అంటారు. ఆవిడ తలూపుతుంది. చెయ్యి మాత్రం పిడి మీదనుంచి తియ్యదు.

మిల్లంటే గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. కౌస్తుభ్‌కి ఇంట్లోనే బీరు కాచుకోవాలన్న సరదా పుట్టినప్పుడు, ఆ సరదా ఎన్నాళ్ళుంటుందో నమ్మకం లేక, భార్య అనుష్క ఆన్‌లైన్‌లో అన్నిటికన్నా చవకది చూసి కొనిపెట్టింది. పోత ఇనుముది. బల్ల అంచుకి మర బిగించి నిలబెట్టాలి. పైన గరాటులాంటి తొట్టి, పక్కన తిప్పడానికి చెక్క పిడి, లోపల ఒకదాన్నొకటి రాసుకుని తిరిగే రెండు గరుకు బిళ్ళలు. పైన గింజలు పోసి తిప్పితే కింద బకెట్‌లో పడతాయి. రెండుసార్లు తిప్పేసరికి కౌస్తుభ్‌కి భుజం పట్టేసింది.

"అత్తయ్యా, మీకు తిరగలి అలవాటే కదా. ఇదీ అలాంటిదే. ప్లీజ్," అన్నాడు మొహమాటపడుతూ.

వసుమతి తెనాలిలో తిరగలి తిప్పిన మాట నిజమే గాని, అది పెళ్ళయిన కొత్తలో, అత్తగారికి భయపడి. ఆ అత్తగారు నేర్పినవాటిలో ఒకటి మటుకు ఈవిడ ఎముకల్లో ఉండిపోయింది. ఉత్త తిరగలి తిప్పకూడదు, ఇంటికి అరిష్టం. అందుకని ముందు గుప్పెడు గింజలు వేసి, అప్పుడే పిడి ముట్టుకునేది. సరే అనడానికి అసలు కారణం వేరే. కూతురూ అల్లుడూ ఆఫీసులకీ, మనవరాలు స్కూలుకీ పోయాక, వారమంతా పలకరించే మనిషి లేక నోరు ఎండిపోతోంది. మిల్లయితే కనీసం చప్పుడు చేస్తుంది.

ఆ చప్పుడు వినే పక్కింటి జ్ఞానమ్మ వచ్చింది. నరసాపురం మనిషి, కొడుకు లెవి దగ్గర ఉంటోంది. చేతిలో అల్లిక సూదీ, సగం అల్లిన లేసూ అలాగే ఉన్నాయి.

"ఏంటండీ, కందులు విసురుతున్నారా?"

"కందులు కాదండీ, బార్లీ. మా అల్లుడు బీరు కాస్తాడు."

జ్ఞానమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "ప్రభువా! మేం చర్చి వాళ్ళమండీ." వెళ్ళిపోవాలనే అనుకుంది గాని, వసుమతి ఒంటి చేత్తో పడుతున్న అవస్థ చూడలేకపోయింది. "దేవుడు బార్లీ చేశాడు, బీరు మీ అల్లుడు చేసుకుంటున్నాడు. నేను బార్లీ వరకే," అని స్టూలు లాక్కుని ఎదురుగా కూచుని, పిడి మీద వసుమతి చేతి పక్కనే తన చెయ్యి వేసింది. ఒకరు తోస్తే ఒకరు లాగారు. అంత బరువు మిల్లూ గిర్రున తిరిగింది.

మొదటి రోజు ఇద్దరూ కలిసి ఘోరమే చేశారు. అది మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ అని కౌస్తుభ్ చెప్పడమే తప్పయింది. మొలకెత్తించిన గింజలంటే ఇద్దరికీ తెలిసింది ఒకటే, పసిపిల్లలకి పెట్టే రాగి మాల్టు. మర బాగా బిగించి, మెత్తగా విసిరి, అక్కడితో ఆగక పాత పంచెలో వస్త్రకాయితం పట్టి, పొట్టంతా చెత్తబుట్టలో పోసి, పౌడరు లాంటి పిండి అల్లుడి చేతిలో పెట్టారు. దాన్ని వేడి నీళ్ళలో కలిపాక కౌస్తుభ్ గరిటె పైకెత్తితే గిన్నె కూడా లేచింది.

"అత్తయ్యా, ఇది గ్లూ! నీళ్ళు దిగట్లేదు. పొట్టు ఉండాలి. పొట్టులోంచే నీళ్ళు ఫిల్టర్ అవ్వాలి. గింజ జస్ట్ పగలాలి, అంతే."

"పగలాలి గాని పొట్టు చెడకూడదా?" జ్ఞానమ్మ అడిగింది.

"ఎగ్జాక్ట్లీ, ఆంటీ."

"బాగుంది. గింజని కొట్టాలి గాని దానికి నొప్పి తెలియకూడదు," అని ఆవిడ నవ్వింది. ఆ వారమంతా ఇంట్లో బార్లీ జావే. ఆ తరవాత నుంచి మాత్రం మర వదులు చేసుకుని, ఇద్దరూ ఒక్క ఊపులో, గింజ రెండుగా విచ్చుకుని పొట్టు కాగితంలా నిలిచేట్టు తిప్పడం నేర్చుకున్నారు. అలా తిప్పాలంటే ఎదుటి చెయ్యి ఎప్పుడు తోస్తుందో, ఎప్పుడు వదులవుతుందో తెలియాలి. తెలిసింది. 'అండీ'లు పోయి 'వదినా' వచ్చింది. మొగుళ్ళ సంగతులు, మోకాళ్ళ నొప్పులు, జ్ఞానమ్మ కోడలు ఫ్రిజ్‌లో ఏదెక్కడ పెట్టాలో స్టిక్కర్లు అంటించిన సంగతి, అన్నీ ఆ తొట్టిలోనే పడ్డాయి. లేచేముందు జ్ఞానమ్మ చూపుడువేలితో పిడి మీద రెండుసార్లు తట్టేది. వెళ్ళొస్తానని దానర్థం.

వసుమతికి అరవై దాటాక దొరికిన స్నేహం అది. ఈ దేశంలో తనకంటూ ఉన్న ఒక్క మనిషి. అందుకే లెవికి ఉద్యోగం పోయి, కొత్తది ఎక్కడో దూరాన షామ్‌బర్గ్‌లో దొరికి, ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే ఆగదని భయం. సామాన్లు ఎక్కించిన యూహాల్ ట్రక్కు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి గిన్నెలు తోముకుంది.

శనివారం వచ్చింది. గుప్పెడు గింజలు వేసి పిడి పట్టుకుంది, బరువుకి సిద్ధపడి. పిడి తేలిగ్గా కదిలింది. అవతల ఎవరో లాగుతున్నారు. ఎవరో ఏమిటి, ఆ తోపు, ఆ వదులు, మధ్యలో జ్ఞానమ్మ కూనిరాగం తీసే చర్చి కీర్తన లయకి వచ్చే ఆ చిన్న విరుపు, వసుమతికి తెలియనివా? మిల్లు ఆపి ఫోన్ చేసింది.

"వదినా, నువ్వేనా?"

"మరింకెవరు? బల్ల దగ్గర కూచుని గాల్లో తిప్పుతున్నా. ఫోన్ పెట్టెయ్, చెయ్యి ఖాళీ లేదు."

ఇంట్లో ఎవరూ దీన్నొక వింతగా చెప్పుకోలేదు. షామ్‌బర్గ్‌లో లెవి "అమ్మ మిల్లు దగ్గరుంది, గోల చెయ్యకండి," అని పిల్లల్ని కసిరేవాడు. ఇక్కడ కౌస్తుభ్ గడియారం చూసి, "వాళ్ళది సెంట్రల్ టైమ్ కదా, అత్తయ్యా, మనకన్నా గంట వెనక. పాపం ఆంటీని అంత పొద్దున్నే లేపెయ్యడం బాగోదు. కొంచెం లేట్‌గా స్టార్ట్ చేద్దాం," అన్నాడు.

చెయ్యి వచ్చేది గాని మనిషి రాదు కదా. ఎదురుగా స్టూలు ఉండేది, దాని మీద ఎవరూ ఉండరు. రెండు తట్లు తట్టి ఆ చెయ్యి వెళ్ళిపోయాక, వారమంతా వసుమతికి అరచెయ్యి ఖాళీగా ఉన్నట్టుండేది. కూర తరుగుతూ, బట్టలు మడతపెడుతూ శనివారం కోసం బెంగపడేది. ఆ కాసేపూ పొడిగించడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ బార్లీ విసిరేది. విసిరింది పారెయ్యలేక కౌస్తుభ్ కాచేవాడు. కాచింది దాచలేక పంచేవాడు. ఇద్దరు పెద్దాళ్ళ బెంగని మోరిస్‌విల్‌లో సగం మంది తెలుగు కుర్రాళ్ళు చల్లగా గ్లాసుల్లో పోసుకుని తాగారు.

ఆకులు రాలే రోజుల్లో ఒక శనివారం, తిప్పుతుండగా అవతలి చెయ్యి తడబడింది. తోయాల్సిన చోట తొయ్యలేదు. పిడి ఒక పక్కకి ఈడ్చుకుపోయి, దాని మీద ఎవరో వేలాడినంత బరువు పడింది. అంతలోనే ఏమీ లేదు. తట్టలేదు. జ్ఞానమ్మ తట్టకుండా ఎప్పుడూ వెళ్ళలేదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. వసుమతి లెవికి కలిపింది. అతను పిల్లల్ని సాకర్‌కి తీసుకెళ్ళాడు, అతని భార్య డ్యూటీలో ఉంది. ఇంట్లో జ్ఞానమ్మ ఒక్కతే.

"లెవీ, మీ అమ్మ చెయ్యి జారిపోయింది నాయనా. తట్టలేదు."

లెవి ముందు అంబులెన్సు కోసం 911కి ఫోన్ చేసి, తరవాత కారెక్కాడు. పక్షవాతం. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు. పడిపోయినట్టు ఎలా తెలిసిందని నర్సు అడిగితే, అమ్మ ఫ్రెండ్‌కి మిల్లులో తెలిసిందని లెవి చెప్పాడు. నర్సు "ఓకే" అని టైప్ చేసుకుంది.

ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. వసుమతి వెంటనే బయల్దేరతానంది.

"వద్దాంటీ," అన్నాడు లెవి. "మూతి వంకర పోయింది కదా, ఎవరికీ ఫేస్ చూపించట్లేదు. మీ పేరు చెప్తే గోడ వైపు తిరిగిపోయింది. థెరపీకి వెళ్ళదు. సరిగ్గా తినదు. ట్రై చెయ్యకపోతే మేం చేసేదేం లేదంటున్నారు డాక్టర్లు. మా అమ్మ ట్రై చెయ్యట్లేదాంటీ."

శనివారాలు వచ్చాయి, పోయాయి. మిల్లు బండలా ఉండేది. వసుమతి రెండు చేతులా పట్టుకుని, ఆయాసపడుతూ, అయినా ఒక్క శనివారం మానకుండా తిప్పింది. గింజలు కొన్ని నలిగిపోయేవి, కొన్ని పగలకుండానే పడేవి. కౌస్తుభ్ వాటితోనే కాచుకునేవాడు. ఒకరోజు మాత్రం ఆవిడ భుజానికి బామ్ రాసుకోవడం చూసి, "అత్తయ్యా, డ్రిల్ తగిలిస్తాను. చాలామంది అలాగే చేస్తారు, టూ మినిట్స్‌లో అయిపోతుంది," అన్నాడు.

"డ్రిల్లు పెడితే ఆవిడ వచ్చి ఎక్కడ పట్టుకుంటుంది బాబూ?"

కౌస్తుభ్ డ్రిల్ పట్టుకెళ్ళి అలమరలో పెట్టేశాడు.

ఆ చలికాలంలో ఓ శనివారం, వీధిలో మంచు పలచగా పడి కరగకుండా ఉంది. వసుమతి శాలువా కప్పుకుని కూచుని, గుప్పెడు గింజలు వేసి, పిడి పట్టుకుంది. ఎప్పటిలాగే ముందుకి తోసింది. పిడి కదల్లేదు. మర బిగుసుకుందేమో అనుకుని ఇంకాస్త గట్టిగా తోసింది. అప్పుడు తెలిసింది. బిగుసుకోవడం కాదు. ఎవరో అవతలి వైపుకి లాగుతున్నారు, వెనక్కి. చిన్నపిల్లలు అక్షరాలు దిద్దినట్టు, వంకర టింకరగా, బలం లేకుండా. ఆ లాగుడులో పాత తోపు లేదు, లయ లేదు. వసుమతి తన అలవాటు కొద్దీ మళ్ళీ ముందుకి తోసేసరికి, అవతలి చెయ్యి ఆగిపోయింది. వదిలెయ్యబోతున్నట్టు సన్నగా వణికింది.

ఎడం చెయ్యి.

ఎడం చేతికి తిప్పడం అటే వీలు. "ఉండు ఉండు వదినా, వెళ్ళకు, నాదే తప్పు," అని పైకే అనేసి, తన బలమంతా వదిలేసి, ఆ చెయ్యి ఎటు పోతే అటు పోనిచ్చింది. పిడి వెనక్కి, మెల్లగా, ఒక చుట్టు తిరిగింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారి శాలువా మీద పడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

వేడి నీళ్ళ గిన్నె చూసుకుంటున్న కౌస్తుభ్ దగ్గరికొచ్చాడు.

"అత్తయ్యా, రివర్స్‌లో తిప్పుతున్నారు. అలా అయితే గింజ కిందకి దిగదు."

"దిగకపోతే పోనీ."

అతను వంగి బకెట్‌లోకి చూశాడు. ఒక్క గింజ కూడా పడలేదు. "ఖాళీగా తిప్పకూడదని మీరే అంటారు కదా?"

"ఖాళీ ఎక్కడిది నాయనా?" అంది వసుమతి. "అటు మనిషుంది."

కౌస్తుభ్ ఎదురుగా ఉన్న స్టూలు వైపు చూశాడు. వెళ్ళి స్టవ్ ఆపేశాడు. ఆ రోజు బీరు లేదు. గరాజ్ తలుపు కాస్త దించి, చలిగాలి అత్తగారికి తగలకుండా తను అడ్డంగా నిలబడ్డాడు.

లోపల వసుమతి ఫోన్ మోగుతోంది. లెవి. కౌస్తుభే వెళ్ళి ఎత్తి, గరాజ్‌లోకి తెచ్చి స్పీకర్‌లో పెట్టాడు. "ఆంటీ, అమ్మ లేచి కూచుంది. గోడ వైపు కాదు, ఇటు. లెఫ్ట్ హ్యాండ్ గాల్లో ఏదో... ఆంటీ, వింటున్నారా?"

"వింటున్నా. గోల చెయ్యకు నాయనా, మీ అమ్మ మిల్లు దగ్గరుంది."

ఎంతసేపు తిప్పారో ఇద్దరికీ తెలియదు. అవతలి చెయ్యి అలిసిపోయింది. పిడి ఆగింది. వసుమతి వేళ్ళు బిగించి కూచుంది. చెక్క మీద ఒక తట్టు వినిపించింది, గురి తప్పి, పక్కగా. రెండోది రాలేదు. కౌస్తుభ్ ఏదో అనబోతే తల అడ్డంగా ఊపింది. వీధిలో కుక్కతో వెళ్తున్న ఒకాయన వంగి "హాయ్ వాసూ" అన్నాడు, ఆవిడ పలకలేదు. ఎదురుచూసింది.

చాలాసేపటికి రెండోది కూడా వచ్చింది.