ఒకే ఊరి ఆడపడుచులు

వేసవిలో కృష్ణ నీళ్ళు దిగితే బురద వాసన.

ఆ బురదలోంచి మా ఊరి రాళ్ళు పైకి వస్తాయి. ముందు గడపలు. తరువాత రోళ్ళు. తరువాత... ఎవరింటిదో చెప్పలేని ఒక అరుగు.

వానలు పడగానే మళ్ళీ నీళ్ళు.

శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊరు మాది. నల్లగుండ్లపాడు. పటంలో లేదు. బస్సు బోర్డు మీద లేదు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని నేను మొదట రాసింది ఆ పేరే.

లేదంటే లేకుండా పోతుందా?

అందుకే ఎవరు కనబడినా ఊరు అడుగుతాను.

సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లో, మా అమ్మాయి సాహిత్య నర్సుగా పనిచేసే ఆసుపత్రి వెనుక ఒక హాలు ఉంది. మంగళవారాలు అక్కడ ఆడవాళ్ళం కూర్చుని, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఉన్ని టోపీలు అల్లుతాం. నిమ్మకాయకు తొడిగేంత టోపీలు.

నాకు అల్లిక నేర్పింది రివ్కా. యూదుల మనిషి. నాకంటే పెద్దది. అక్కా అంటాను, పలుకుతుంది. నన్ను రత్నా అంటుంది.

సమీరా ఈమధ్యే చేరింది. పాలస్తీనా మనిషి. లెబనాన్‌లో, శరణార్థుల శిబిరంలో పుట్టింది.

అసలు ఊరేది, అని అడిగాను.

సఫద్, అంది. కొండ మీది ఊరు.

తన ఊరి పేరు రివ్కా ఎప్పుడో చెప్పి ఉంది. అదే కొండ. అదే ఊరు.

నా ఒళ్ళు పొంగింది. పరాయి దేశంలో ఒకే ఊరి ఆడపడుచులు! మా వైపు అట్లాంటివాళ్ళు ఎదురుపడితే చేతులు పట్టుకుని ఏడుస్తారు. రవికె గుడ్డ పెట్టందే పంపరు.

ఇద్దరికీ ఒకే గుడ్డలోంచి రెండు ముక్కలు కత్తిరించాను. మొగుడు పోయినది పెట్టకూడదంటారు.

పెట్టాను.

"మీ ఇద్దరిదీ ఒకటే ఊరు!" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

ఎవరూ చేతులు పట్టుకోలేదు.

సూదులు ఆగాయి.

"మా నాన్నను ఆ ఊళ్ళోంచే తరిమారు," అంది సమీరా. "నలభై ఎనిమిదిలో, ఇజ్రాయెల్ ఏర్పడ్డప్పుడు. పొయ్యి మీది కుండ పొయ్యి మీదే ఉండిపోయింది."

"మా తాతను ఆ ఊళ్ళోనే పొడిచి చంపారు," అంది రివ్కా. "అంతకు ముందే. ఇరవై తొమ్మిదిలో. వీధిలోవాళ్ళే."

"మా తాతలు కట్టిన ఇల్లు అది."

"మా తాతల తాతలు ఆ మట్టిలోనే ఉన్నారు."

"మావాళ్ళు లేరా?"

రాయి మీద రాయి. రాయి మీద రాయి.

ఇంటికొచ్చి చెబితే సాహిత్య తల పట్టుకుంది. "అమ్మా, ఏం పనమ్మా ఇది! అది చాలా సెన్సిటివ్ ఇష్యూ. నువ్వు పోయి రవికె గుడ్డలు పెడ్తివా? ఆడ టోపీలల్లుకో, టీ తాగు, ఇంటికి రా. ప్లీజ్, ఇన్వాల్వ్ కావద్దు."

ఇన్వాల్వ్ కాకపోతే నేనెవరిని?

నా ఊరిని నీళ్ళు తీసుకున్నాయి. నీళ్ళకు తాతలు లేరు. నీళ్ళు నన్ను కాదనవు, అవుననవు. ఊరికే కప్పుతాయి.

ఇద్దరి మాటా నిజమే. నిజాలు రెండయితే ఒకటి బయటికి పోవాలా?

తరువాతి మంగళవారం, హాలు చూసుకునే లొరెయిన్ ఎప్పటిలాగే నిలబడింది. ఎప్పటిలాగే మొదలుపెట్టింది. ఈ నేల తొలి నుంచీ ఇక్కడున్న దారుగ్ ఆదివాసులది, వాళ్ళ పెద్దలకు మా గౌరవం... అందరం తలలు వంచాం.

తల ఎత్తగానే అంది. "లేడీస్, ఇక్కడ ఆ నేల గొడవలు వద్దు. తరువాత చేరినవాళ్ళు శుక్రవారానికి మారితే సరిపోతుంది."

తరువాత చేరింది సమీరా.

సమీరా సంచీ సర్దుకుంది. ఉన్ని ఉండ. సూదులు. సగం అల్లిన టోపీ.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ముందు వచ్చినవాళ్ళకే చోటయితే, లొరెయిన్, నువ్వూ నేనూ యాడికి పోవాల? ఇప్పుడేగా చెప్తివి, ఈ నేల ఎవరిదో!"

ఆవేశంలో సగం తెలుగే వచ్చింది. అయినా అర్థమైంది. లొరెయిన్ ముఖం ఎర్రబడింది.

"ఈమె పోతే నేనూ పోతా. టోపీలు నువ్వే అల్లుకో."

కుర్చీ లాగి ఇద్దరి మధ్యా వేసుకున్నాను. కూర్చున్నాను. లెమ్మంటే లేవను.

సమీరా సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం వైపు తిరిగింది.

రివ్కా ఆమెను ఉండమనలేదు. తల ఎత్తలేదు. అల్లుతూనే అంది...

"ఆమె వెళ్ళిపోతే, నేను చెప్పేదాన్ని కాదనడానికి ఇక్కడ ఎవరున్నారు? ఈ రత్న అన్నిటికీ తల ఊపుతుంది."



సమీరా వెనక్కి వచ్చింది. సంచీ బల్ల మీద పడేసింది. కూర్చుంది.

"కాదు," అంది.

"ఏది కాదు? నేనింకా మొదలుపెట్టలేదు."

"మొదలుపెట్టు. కాదు."