వెలిగించని సౌనా

మా ఆయన ఓస్మోతో నాకున్న పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఆయన మీద ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరకదు. తాగడు, అరవడు, కాఫీ చల్లారిందని కూడా అనడు. అసలు ఏమీ అనడు. ఇది కువోపియో, చలిదేశంలో సరస్సు పక్కనున్న ఊరు. ఇక్కడ మగవాడు వరసగా మూడు వాక్యాలు మాట్లాడితే ఇంట్లోవాళ్ళు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూస్తారు.

ఆయన కరోనా వార్డులో నర్సుగా పనిచేస్తూ ఏడాది దాటేసరికి మరీ నెమ్మదించాడని మురిసిపోయాను. డ్యూటీ నుంచి వచ్చి, ముక్కు మీద మాస్కు అచ్చుతో కిటికీ దగ్గర కూర్చుని సరస్సు కేసి చూసేవాడు. మా చెల్లెలు ఐలాకి ఫోన్ చేసి, మీ ఆయన ఇంట్లో కూర్చునే విసుక్కుంటున్నాడు, మా ఆయన్ని చూడు, గ్రానైటు రాయి అని గొప్పలు పోయాను.

"రాయికి ఆకలేస్తోందా అక్కా?" అంది.

దానికి అసూయ అనుకున్నాను.

ఓసారి పత్రికలో పని ఒత్తిడి లక్షణాలు వేశారు. మాట తగ్గడం, తిండి తగ్గడం, ఎటో చూస్తూ ఉండిపోవడం. మా వీధిలో మగవాళ్ళందరికీ పుట్టినప్పటి నుంచీ ఉన్నవే. చదువుకున్నదాన్ని కదా, నవ్వుకుని, ఆ కాగితంలో బంగాళాదుంప తొక్కలు చుట్టి పారేశాను.

మే నెలలో ఓ శనివారం సాయంత్రం హెడ్ నర్సు కారీనా ఆయనకి ఫోన్ చేసింది. మనుషులు చాలడం లేదు, ఈసారి కూడా వేసవి సెలవు వదులుకుంటావా అని. ఓస్మో "సరే" అన్నాడు. సెలవంటే ఊరవతల సరస్సు ఒడ్డున మా చెక్క ఇంట్లో గడపడం. నాకు వెంటనే దిగులు పట్టుకుంది, దాని గోడలకు ఎర్ర రంగు ఎవరు వేస్తారని. గిన్నెలు కాస్త గట్టిగానే సర్దాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోని సౌనాకి, అదే మా ఆవిరి స్నానాల గదికి, వెళ్ళిపోయాడు.

సౌనాలో ఉన్న మనిషితో పోట్లాడకూడదని మా అమ్మ నేర్పింది. బయటికి రానీ, అప్పుడు చెబుతానని వాక్యాలు పేర్చుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి గానీ గమనించలేదు, సౌనా పొగగొట్టంలోంచి పొగ రావడం లేదని.

వెళ్ళి తలుపు తీశాను. పై బల్ల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పొయ్యిలో కట్టెలు పేర్చి ఉన్నాయి. అగ్గిపెట్టె చేతిలోనే ఉంది. పొయ్యి మీద కాగాల్సిన రాళ్ళు చల్లగా ఉన్నాయి.

"వెలిగించలేదేం?"

"పుల్ల గీయాలి కదా," అన్నాడు.

నేను పేర్చుకున్న వాక్యాలు ఎటో పోయాయి. కోటుతోనే పక్కన కూర్చున్నాను. సౌనాలో కోటుతో కూర్చున్న నన్ను మా అమ్మ చూసి ఉంటే వంశంలోంచి వెలేసేది.

"ఇవాళ వార్డులో ఒక పెద్దాయన పేరు మళ్ళీ మళ్ళీ అడిగాను," అన్నాడు. "మళ్ళీ మర్చిపోయాను. ఇంకోసారి అడగడానికి సిగ్గేసింది. ఈమధ్య ఎవర్నీ పేరు పెట్టి పిలవడం లేదు."

వాక్యాలు మూడు దాటాయి. నా చెయ్యి దానంతట అదే ఆయన నుదుటి మీదికి వెళ్ళింది. జ్వరం లేదు. ఒళ్ళు మంచులా ఉంది.

గోడల రంగు గురించి ఏదో నోటి దాకా వస్తే మింగేసి, "కారీనాకి నేను చెప్పనా?" అన్నాను.

తల అడ్డంగా ఊపి, నా కోటు జేబులోంచి ఫోన్ తీసుకున్నాడు.

"కారీనా, నేను ఓస్మోని. ఇందాక సరే అన్నాను. తప్పు చెప్పాను. నా వల్ల కావడం లేదు. చాలా రోజులుగా కావడం లేదు."