ఎలీసమ్మ ముఖం మీద పేరు

"పేరు కాస్త పెద్దగా కనపడాలే, వెనక కూర్చున్నోళ్లక్కూడా," అన్నాడు రత్నరాజు. అతని భార్య హెలెన్ అప్పుడు తన నర్సు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

కువైట్‌లోని అబ్బాసియాలో బాప్తిస్మాలకీ పుట్టినరోజులకీ వీడియోలు తీసేది అతను. ఆస్పత్రి డ్యూటీ దిగి, వంట చేసి, వాటిని కంప్యూటర్లో కత్తిరించి, అతికించి, మూలన 'రత్నరాజు విజన్' ముద్ర వేసేది ఆమె. ఏడాదిగా ఇదే వరస. నల్లతెర మీద ఒక్క కమాండు కొడితే ముద్ర పడిపోయేది. ఆ కమాండు ఇంటర్నెట్‌లో దొరికింది; అందులో ఏ మాట ఏం చేస్తుందో ఆమెకు తెలీదు. ఆ రోజు చెయ్యాల్సిన వీడియోకి ముద్ర వెడల్పు దగ్గర రెండొందల పిక్సెళ్లు తీసేసి ఆరొందలు పెట్టింది. బస్సుకి టైమైపోతోందని చూసుకోకుండానే డ్యూటీకి పరిగెత్తింది.

సెలవురోజైన శుక్రవారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఆ వీడియో తెర మీద వేశారు. అది ఎలీసమ్మ బాప్తిస్మం. ఫింటాస్‌లో అరబ్బు ఇంట్లో పనిచేసే ఎలీసమ్మని ఆ ఇంటి యజమానురాలు 'మామా' బయటికి పంపడమే అరుదు. బాప్తిస్మం రోజు కెమెరా మొరాయిస్తే రత్నరాజు ఫోనుతో తీశాడు. ఆ చిన్న వీడియోకి ఆరొందల ముద్ర దుప్పటైంది. నీళ్లలోంచి లేచిన ఎలీసమ్మ ముఖమంతా అలుక్కుపోయిన అక్షరాలే.

అందరూ నవ్వారు. రత్నరాజు మైకందుకున్నాడు. "మా ఆవిడ పనండి. ఆడోళ్ల చేతికి కంప్యూటరిస్తే ఇంతేనండి!" నవ్వులు ఇంకా పెరిగాయి. హెలెన్ చెవులు కాలిపోతుంటే సంచిలో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకుంది.

బయట ఎలీసమ్మ నెమ్మదిగా అడిగింది. "నా మొకం ఏదక్కా? మా అమ్మకేం చూపించను?"

ఆ నవ్వులన్నీ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. హెలెన్‌కి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి, వంటగదిలోకి వెళ్లకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. కమాండులో ఒక్కో మాటకీ అర్థం వెతికింది. ఆరొందలంటే వీడియో పెద్దదైనా చిన్నదైనా ఆరొందలే. అలా కాదు, వీడియో వెడల్పులో ఎనిమిదో వంతని చెప్పాలి. ఎత్తు సంగతి ముద్ర ఆకారానికే వదిలెయ్యాలి. ముందు ముద్రని ఆ కొలతకి తేవాలి, తర్వాతే వీడియో మీద పెట్టాలి. చిన్న బొమ్మని సాగదీసింది కాబట్టే అక్షరాలు అలుక్కుపోయాయి. పెద్ద బొమ్మ తీసుకుని లాంజోస్ అనే ఫిల్టర్‌తో తగ్గిస్తే అంచులు పదునుగా నిలుస్తాయట. మొదటిసారి ముద్ర అప్పడంలా నొక్కుకుపోయింది. మూడోసారికి బుద్ధిగా మూలన కూర్చుంది. ఎలీసమ్మ ముఖం బయటపడింది, తడిగా, నవ్వుతూ.

ఆ ముఖం చూస్తుంటే ఇంకో సంగతి గుచ్చుకుంది. ఇన్నాళ్లూ ఎవరు మెచ్చుకున్నా "అంతా మన చేతి పనేనండి" అనేవాడు రత్నరాజు. పక్కన తను నవ్వుతూ నిలబడేది. అప్పుడు రాని సిగ్గు ఇప్పుడొచ్చింది.

తర్వాతి శుక్రవారం దిద్దిన వీడియో వేశారు. చప్పట్లు. రత్నరాజు మైకు తీసుకుని, "నేనే కూర్చుని సరిచేశానండి," అన్నాడు.

హెలెన్ లేచింది.

"కాదండి," అంది. "చెడగొట్టిందీ నేనే, దిద్దిందీ నేనే. ఏడాదిగా మీరు మెచ్చుకున్నవన్నీ నేను చేసినవే."

ఎవరూ నవ్వలేదు. కూర్చోమని రత్నరాజు కళ్లతో సైగ చేశాడు. సిగ్గుతో ముఖం మండిపోతూనే ఉంది. అయినా ఆమె కూర్చోలేదు.