అంజప్ప పాదాలు

సునామీ వచ్చిన మరుసటి ఏడు, తమిళుల మార్గళి నెల, ధనుర్మాసపు చలి. చిత్తేరి కొండల మీంచి దిగిన మంచు పాపిరెడ్డిపట్టి పొలాల మీద ఎండెక్కేదాకా కదిలేది కాదు. కణ్ణగి పొద్దున్నే మామ అంజప్ప కాళ్ల దగ్గర కుంపటి పెట్టేది. అంతకుముందు ఆ పని ఆమె భర్త మాదేశన్ చేసేవాడు. దీపావళికి ముందు హోసూరులో కడుతున్న మేడ మీంచి పడి అతను చనిపోయాడు. శవం ఇంటికొచ్చిన రోజు కూడా ఆమెకు ఏడుపు రాలేదు.

ఆ ఉదయం ఆవు పాలు పితుకుతుంటే ఏదో కమురు వాసన తగిలింది. లోపలికెళ్లి చూసింది. ముసలాయన గోడకానుకుని కూర్చున్నాడు. కుడి మడమ కుంపటి అంచుకు ఆని ఉంది.

"కాలు తియ్యి మామా, కాలతా ఉండాది."

ఆయన ఆ కాలు వేరెవరిదో అన్నట్టు చూశాడు. "నాకేమీ తెలీలేదే."

ఆమె కాలు పక్కకు జరిపి, తొట్టి దగ్గర కూర్చోబెట్టి చాలాసేపు చన్నీళ్లు పోసింది. తర్వాత బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కంగారు కూడా పుట్టలేదు.

కట్టు కట్టిన నర్సు తమిళంలో చెప్పింది. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయింది, వేడి తగిలినా ఆయనకు తెలియదు. నిప్పు దగ్గర పెట్టకూడదు. ఉన్ని సాక్సులు, కంబళి, వేళకు వేడి గంజి చాలు. రోజూ పాదాలు ఎవరైనా కళ్లతో చూడాలి.

"ఇంట్లో ఎవరున్నారు?"

"నేనుండాను," అంది కణ్ణగి.

అప్పట్నుంచి రోజూ పొద్దున ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు చూసేది. బొటనవేలి కన్నా పక్క వేలు పొడుగు. మాదేశన్‌కీ అంతే. ఆ వేలిని చూస్తూ కాసేపు ఆగేది. లోపల ఏమీ కదిలేది కాదు. సాక్సు తొడిగేసేది.

"ఈ కాళ్లు పట్టుకొనేదానికి అసయ్యంగా లేదామ్మా?" అన్నాడు ఒకరోజు ఆయన.

"లేదు మామా. ఏమీ అనిపించలేదు."

"వాడు పోయినప్పటినుంచి నాకూ అంతే. నేను ఏడవలేదని రాయి అన్నారు ఊర్లో."

"నన్నూ అన్నారు."

ఆమె రెండో సాక్సు తొడిగింది.

సంక్రాంతితో మొదలయ్యే తై నెలకు పుండు మానింది. "ఆరిపోయింది మామా," అని ఆమె చెప్పింది. ఆయన చూడలేదు. పాదం మీదున్న ఆమె చేతిని తన అరచేతిలోకి తీసుకున్నాడు.

"నీ చెయ్యి ఇంత సల్లగా ఉండాదే. తెలీలేదా నీకు?"

"లేదు."

ఆయన కంబళిలో సగం ఆమె మీదికి లాగాడు, చేయి వదల్లేదు. కాసేపటికి వేడెక్కిన ఆమె వేళ్లలో సూదులు గుచ్చినట్టు నొప్పి మొదలైంది. కణ్ణగి చేయి వెనక్కి తీసుకోలేదు. పెరట్లో ఆవు అరిచేదాకా అలాగే కూర్చుంది.