మా అమ్మ సంగటి కట్టె

మా ఇంటాయప్ప ఓబుళేశు డ్రాయింగు ఐవారుగా రిటైరైనాడు గానీ, నాకు మాత్రం రిటైర్మెంటు లేదు. నందికొట్కూరులో ఎవురు ఏం పారేసినా మా ఇంటికే వస్తాది. తెగిన చెప్పులు, సొట్టపోయిన చెంబులు, తుప్పుపట్టిన తాళాలు. వాటితో బొమ్మలు చేస్తాడు. జనాలు ఆహా ఓహో అంటారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. కూర్చుందామంటే మంచం మీద కూడా తాళాలే.

ఈ ఏడు సంగటి కట్టెల మీద పడినాడు. ఇంటింటికీ పోయి, కొత్త కట్టె ఇచ్చి, కెలికి కెలికి అరిగిపోయిన పాత కట్టె తెచ్చుకున్యాడు. వాటికి గుడ్డలు చుట్టి, ఆడోళ్ల గుంపు మాదిరి నిలబెట్టినాడు. హైదరాబాదులో ఎగ్జిబిషన్‌కు పోతాదంట.

పొద్దున టెంపో వచ్చి వాకిట్లో నిలబడింది. సంగటి కెలుకుదామని గూట్లో చెయ్యి పెడితే కట్టె లేదు. అది మా అమ్మది. ఆయమ్మ పోయినాక బంగారు మా వదినలు పంచుకుంటే, నేను ఆ కట్టె ఒక్కటే అడిగి తెచ్చుకున్యా.

"యాడప్పా మా అమ్మ కట్టె?"

"ఒగటి తక్కువైతే నిన్న తీసుకున్యా. అది ఏదో చూపియ్యి, తీసిస్తా. నాకు అన్నీ ఒగే మాదిరి ఉండాయి" అన్నాడు.

అన్నీ ఒగే మాదిరంట! ఈయప్ప ఆర్టిస్టంట! అందరి కట్టెలూ ఒక పక్కకు అరిగింటే, మా అమ్మది ఇంకో పక్కకు అరిగింటాది. ఆయమ్మది ఎడమచెయ్యి. చూస్తానే పట్టుకున్యా. కింద బెజ్జం, పైన వార్నీషు. ఇంగ దాన్ని ఏ కుండలో పెట్టేది? శానా ఏడుపొచ్చింది, ఏడ్చినా.

అప్పుడు చూసినా చీటీలు. ప్రతి కట్టెకూ ఒకటి అంటించినాడు. 'జయరాజ్ ఇంటిది', 'అల్లా బాషా ఇంటిది', 'దాసన్న ఇంటిది'. మా అమ్మ కట్టెకు 'ఓబుళేశు ఇంటిది'.

"దాసన్న ఎప్పుడన్నా సంగటి కెలికినాడా? నువ్వు కెలికినావా?"

టెంపో అతను హారన్ కొట్టినాడు. "అంత తొందరైతే ఖాళీ బండి తోలుకొని పో!" అని అరిచినా.

చీటీలన్నీ చింపిచ్చి, కూర్చోబెట్టి మళ్లా రాయించినా. జయరాజ్ పెండ్లాం సంతోషమ్మ. అల్లా బాషా ఇంట్లో జైనాబ్ బీ. దాసన్న పెండ్లాం కాడికి వస్తే, ఆయమ్మ పేరు నాకూ తెలీదు. ముప్పై ఏండ్లుగా ఆయమ్మను దాసన్న పెండ్లామనే పిలుస్తాండా. సిగ్గుతో చచ్చిపోయినా. వాళ్లింటికి పోయి అడిగితే, "నా పేరుతో ఏం పనిబడిందక్కా?" అని నవ్వి, తిరుపాలమ్మ అని చెప్పింది.

ఆఖరుకు మా అమ్మ కట్టె మిగిలింది. ఆయప్ప పెన్ను పట్టుకొని, "ఓబుళేశు అత్త అని రాద్దామా?" అన్నాడు.

చీటీ గుంజుకొని నేనే రాసినా: గిడ్డమ్మ.